పండు ఈగ, ప్రాణవాయువు, సాస్తి బొగ్గు

ఈ ప్రసంగం ఒక చిన్న ప్రాణిని గురించినది. బాగా మాగిన అరటిపండు మీద, కోసి మూత పెట్టకుండా ఉంచిన జామకాయ మీద ముసిరే ఎర్రకళ్ల ఈగ అది. దాని పొడవు మూడు మిల్లీమీటర్లకు మించదు. శాస్త్రజ్ఞులు దాన్ని డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అంటారు. మామిడి తోటల్లో కాయకు పుచ్చు తెచ్చే పండు ఈగ వేరే జాతి కాబట్టి, రైతు శ్రోతలు ఆ రెండింటినీ ఒకటిగా అనుకోకూడదు. బతకడానికి అత్యవసరమైన ప్రాణవాయువే ఒంట్లో హాని కూడా చేస్తుంది. ఆ హానిని ఈ ఈగ శరీరంలోని కొన్ని ఎంజైములు ఎలా అడ్డుకుంటున్నాయో, ఆ సంగతి బొగ్గుగనుల మధ్య బతికే వారికి ఎందుకు అవసరమో వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో ఉన్న సాస్తి, వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ బల్లార్‌పూర్ ఏరియా కింద బొగ్గు తీసే గనుల ఊరు. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో భాగంగా ఉండేది కనుక ఈ ప్రాంతంలో తెలుగు వినబడడం కొత్త విషయం కాదు. అక్కడి వారికి బొగ్గు గురించి ఒకరు చెప్పవలసిన పని లేదు. తవ్వి కుప్పపోసిన బొగ్గు ఎవరూ నిప్పు పెట్టకుండానే వేడెక్కి, కొన్నాళ్లకు లోపలి నుంచి పొగ వదలడం వారికి తెలిసినదే. గాలిలోని ఆక్సిజన్ బొగ్గుతో మెల్లగా కలుస్తుంది. కలిసిన ప్రతిసారీ కొంత వేడి పుడుతుంది. ఆ వేడి ఎప్పటికప్పుడు బయటికి పోతే కుప్పకు ఏమీ కాదు. పోకుండా లోపలే నిలిచిపోతే ఆక్సీకరణ ఇంకా వేగం పుంజుకుని, చివరికి కుప్పే అంటుకుంటుంది. అందుకే గనిలో కుప్పను చదును చేసి గట్టిగా తొక్కిస్తారు, నీళ్లు చల్లుతారు, ముందు వచ్చిన బొగ్గును ముందే పంపించేస్తారు.

జీవకణంలోనూ ఇంచుమించు ఇదే జరుగుతుంది. కణం అన్నాన్ని ఆక్సిజన్‌తో కలిపి శక్తి తీసుకుంటుంది. ఆ పనిలో తప్పనిసరిగా కొంత హానికర పదార్థం పుడుతుంది. పుట్టినది పుట్టినట్టు తొలగిపోతే కణం క్షేమంగా ఉంటుంది. తొలగింపు వెనకబడి, పుట్టడం ముందుకు పోతే, ఆ స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. శ్రోతలు ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. హానికర పదార్థం పుట్టడం జబ్బు కాదు. తొలగింపు వెనకబడడమే జబ్బుకు మూలం.

ఇంతకీ ఆ హానికర పదార్థం ఏమిటి? ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే సూక్ష్మమైన భాగాలుంటాయి. పీల్చిన ఆక్సిజన్‌లో అధికభాగం వాటిలోనే ఖర్చవుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు ఒక అణువు నుంచి మరొక అణువుకు వరుసగా చేరుతూ చివరికి ఆక్సిజన్‌తో కలిసి నీరుగా మారతాయి. ఆ దారిలో కొన్ని ఎలక్ట్రాన్లు జారిపోయి, మధ్యలోనే ఆక్సిజన్‌కు ఒక్కొక్కటిగా అంటుకుంటాయి. అలా ఒక ఎలక్ట్రాన్ ఎక్కువైన ఆక్సిజన్‌ను సూపరాక్సైడ్ అంటారు. ఇనుము, గంధకం కలిసి ఉండే కొన్ని ముఖ్యమైన ఎంజైములను అది పాడుచేసి, వాటిలోని ఇనుమును విడిపిస్తుంది. ఈగ విషయంలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఎగిరేటప్పుడు దాని రెక్కలు సెకనుకు సుమారు 200 సార్లు కొట్టుకుంటాయి. ఆ రెక్కల కండరాల నిండా మైటోకాండ్రియాలే ఉంటాయి. పైగా ఈగకు ఊపిరితిత్తులు లేవు. ఒంటి పక్కల ఉన్న రంధ్రాల నుంచి సన్నని గాలిగొట్టాలు కొమ్మలు కొమ్మలుగా చీలి, రక్తంతో పని లేకుండా, ఆక్సిజన్‌ను నేరుగా కండరం దాకా చేరుస్తాయి.

ఈ ప్రమాదాన్ని ఎదుర్కొనే మొదటి ఎంజైము పేరు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. పశువుల ఎర్ర రక్తకణాల నుంచి రాగి గల ఒక ప్రోటీన్‌ను 1938లోనే వేరుచేసినా, అది రాగిని దాచిపెట్టుకునే పదార్థమేనని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఆయన గురువు ఇర్విన్ ఫ్రిడోవిచ్ 1969లో దాని అసలు పని బయటపెట్టారు. అది రెండు సూపరాక్సైడ్‌లను పట్టుకుని, ఒకదాన్ని మామూలు ఆక్సిజన్‌గానూ, రెండోదాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గానూ మారుస్తుంది. ఈగలోనూ మనిషిలోనూ ఇది ఒక్కటిగా ఉండదు. కణద్రవంలో ఉండేదానికి రాగి, జింకు కావాలి. మైటోకాండ్రియాలో ఉండేదానికి మాంగనీస్ కావాలి. కణం బయట పనిచేసే రకం మరొకటి ఉంది.

ఇక్కడితో పని పూర్తికాలేదని శ్రోతలు గమనించాలి. సూపరాక్సైడ్ పోయింది, దాని స్థానంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ వచ్చింది. ఆసుపత్రిలో గాయం కడిగే మందు అదే. కణంలో అది పోగుపడి, విడిపోయిన ఇనుము దానికి తోడైతే, హైడ్రాక్సిల్ అనే మరింత తీవ్రమైన పదార్థం పుడుతుంది. ఇనుము, పెరాక్సైడ్ కలిస్తే ఇంత బలమైన ఆక్సీకరణ జరుగుతుందని శాస్త్రజ్ఞుడు హెన్రీ ఫెంటన్ 1894లోనే చూపించాడు. హైడ్రాక్సిల్‌ను పట్టి ఆపగల ఎంజైము ఏ ప్రాణిలోనూ లేదు. అది పుట్టిన చోటే పక్కనున్న కొవ్వునో, ప్రోటీన్‌నో, జన్యుపదార్థాన్నో కొట్టేస్తుంది. కాబట్టి అది పుట్టకముందే పెరాక్సైడ్‌ను తీసేయడం ఒక్కటే మార్గం.

ఆ రెండో పని చేసే ఎంజైము కాటలేజ్. దాని నడుమ ఇనుము ఉంటుంది. అనుకూలమైన పరిస్థితిలో కాటలేజ్ అణువు ఒక్కటి సెకనుకు లక్షల సంఖ్యలో పెరాక్సైడ్ అణువులను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టగలదు. దీన్ని కంటితో చూడాలనుకునే బడి పిల్లలు పెద్దల సమక్షంలో పచ్చి ఆలుగడ్డ ముక్క మీద మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు చుక్కలు వేయవచ్చు. వెంటనే తెల్లని నురగ పొంగుతుంది. ఆ నురగలో ఉన్నది కాటలేజ్ విడిపించిన ఆక్సిజన్. ఉడికించిన ముక్క మీద వేస్తే నురగ రాదు, ఎందుకంటే వేడికి ఎంజైము చెడిపోతుంది.

కనుక మొదట డిస్మ్యుటేజ్, ఆ తరువాత కాటలేజ్. మొదటిది సూపరాక్సైడ్‌ను పెరాక్సైడ్‌గా మారుస్తుంది. రెండోది పెరాక్సైడ్‌ను నీరుగా మారుస్తుంది. ఈ రెండింటి వరుస చెడకూడదు. ఈ మొత్తం ప్రసంగానికి అదే ప్రధానమైన మాట.

అయితే ఇది నిజమేనని రుజువు చేసినది మనిషి మీద జరిగిన పరీక్ష కాదు, ఈగ మీద జరిగిన పరీక్ష. శాస్త్రజ్ఞుడు టి. హెచ్. మోర్గాన్ 1910లో తెల్లకన్ను ఈగను గుర్తించిన నాటి నుంచి వంశపారంపర్య శాస్త్రానికి ఈ ఈగ ఆధారంగా నిలిచింది. 25 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి రెక్కల ఈగ కావడానికి దానికి దాదాపు పది రోజులు పడుతుంది. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్ట్ కలిపి ఉడికించి, అగర్‌తో గట్టిపరిచి, సీసా అడుగున పోసి, మూతికి దూది బిరడా పెడితే వందల ఈగలు అందులోనే పుట్టి పెరుగుతాయి. రెండు మూడు నెలల్లో వాటి ముసలితనం, చావు కూడా చూడవచ్చు. ఏ జన్యువు లేకపోతే ఏమవుతుందో, ఏది ఎక్కువైతే ఏమవుతుందో తేల్చడానికి ఇంత వీలైన జంతువులు తక్కువ.

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫిలిప్స్, ఆర్థర్ హిల్లికర్, వారి సహచరులు 1989లో రాగి, జింకు గల డిస్మ్యుటేజ్ బొత్తిగా లేని ఈగలను పెంచారు. అవి గూడు చీల్చుకుని బయటికి వచ్చాయి గానీ ఎక్కువకాలం బతకలేదు. వాటికి సంతానోత్పత్తి శక్తి దెబ్బతిన్నది. పారాక్వాట్ అనే మందు కొద్దిగా తగిలినా అవి మామూలు ఈగల కంటే ఎంతో సులువుగా చనిపోయాయి. అదే సంవత్సరం కాటలేజ్ లేని ఈగల గురించి కూడా మరొక పరిశోధన వెలువడింది. అవి కూడా పెద్దవైన కొద్దికాలానికే ఎక్కువగా చనిపోయాయి. రెండు ఎంజైముల్లో ఏది లేకపోయినా ప్రాణానికి ముప్పేనని దీంతో తేలింది.

పారాక్వాట్ అన్న పేరు చాలామంది శ్రోతలకు కొత్త కాదు. విదర్భలోనూ తెలంగాణలోనూ చేలలో వాడుతూ వచ్చిన గడ్డిమందు అది. కణంలో అది ఒక ఎలక్ట్రాన్‌ను తీసుకుని ఆక్సిజన్‌కు ఇస్తుంది. ఆ ఆక్సిజన్ సూపరాక్సైడ్ అవుతుంది. పారాక్వాట్ మాత్రం ఖర్చుకాకుండా ముందున్నట్టే మిగిలి, మళ్లీ ఇంకో ఎలక్ట్రాన్‌ను తీసుకుంటుంది. కొంచెం మందు అంత హాని చేయడానికి కారణం ఇదే. సూపరాక్సైడ్‌ను కావలసినప్పుడు కావలసినంత పుట్టించగలదు కాబట్టి పరిశోధకులు దాన్ని చక్కెర నీళ్లలో కలిపి ఈగలకు పెడతారు. ఆ తరువాతి పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. ఈగలున్న గాజుగొట్టాన్ని బల్లమీద ఒకసారి తట్టితే అన్నీ అడుగుకు పడతాయి. ఆరోగ్యంగా ఉన్న ఈగలు కొద్ది సెకన్లలోనే గోడ పట్టుకుని పైకి పాకుతాయి. మందు తాకిన ఈగలు అడుగునే ఉండిపోతాయి, కాళ్లు వణుకుతాయి, పైకి పోబోయి జారిపడతాయి. మనుషుల్లో వణుకుడు జబ్బు, అంటే పార్కిన్సన్స్, అధ్యయనానికి ఇది ఒక నమూనాగా ఉపయోగపడింది.

ఈ నమూనాతో నాగాలాండ్ విశ్వవిద్యాలయంలో శరత్ చంద్ర యెనిశెట్టి బృందం చేసిన పరిశోధనను శ్రోతలు తెలుసుకోవాలి. పసుపులోని కర్‌క్యుమిన్‌ను పారాక్వాట్ తిన్న ఈగలకు పెట్టి చూసి, ఫలితాలను 2014లో ప్రకటించారు. పడుచు ఈగల్లో కదలిక మెరుగుపడింది, మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గుదల కొంత ఆగింది. వయసు మళ్లిన దశలోని ఈగల్లో అదే పదార్థం ఆ మేలు చేయలేకపోయింది. ఇచ్చిన పదార్థం ఒకటే, ఈగ జాతి ఒకటే, మారినది వయసు మాత్రమే. బయటి నుంచి ఇచ్చే పదార్థం పని ఎంతవరకు జరుగుతుందనేది లోపలి స్థితిని బట్టి ఉంటుందని ఇది స్పష్టంగా చూపుతుంది. పసుపు మంచిదా కాదా అన్న వాదంలోకి దీన్ని లాగడం మాత్రం సరికాదు.

ఇప్పుడు వరుస సంగతికి తిరిగి రావాలి. డిస్మ్యుటేజ్ ఒక్కటే పెంచితే ఈగ ఎక్కువకాలం బతుకుతుందా? మొదట చేసిన ప్రయత్నాల్లో ఆయుర్దాయం పెద్దగా పెరగలేదు. కాటలేజ్ ఒక్కటే పెంచినా పెరగలేదు. అమెరికాలోని డల్లాస్‌లో విలియం ఆర్, రాజిందర్ సోహల్ 1994లో రెండింటి జన్యువులనూ కలిపి అదనంగా చేర్చారు. ఆ ఈగల్లో కొన్ని వంశాలు మామూలు వాటి కంటే దాదాపు మూడోవంతు ఎక్కువకాలం బతికాయి. ప్రపంచమంతా ఆ ఫలితాన్ని ఆశతో చూసింది. కానీ అదే పరిశోధకులు 2003లో, స్వభావరీత్యా దీర్ఘాయువు గల ఈగల్లో పరీక్ష తిరిగి చేసినప్పుడు ఆ పెరుగుదల కనబడలేదు. తమ సొంత ఫలితానికే హద్దు ఎక్కడుందో వారే వెదికి ప్రకటించడం ఎంతో గౌరవించదగిన విషయం. ఎంజైము కొరత ప్రాణం తీస్తుందన్నది గట్టి నిజం. అవసరానికి మించి పెంచితే ఆయుష్షు పెరుగుతుందన్నది అంత గట్టి నిజం కాదు.

అవసరం ఎంతో కణానికి తెలుస్తుందా అన్న ప్రశ్న సహజం. తెలుస్తుంది. ఈగ కణంలో సీఎన్‌సీ-సీ అనే ప్రోటీన్ ఉంది. మామూలు సమయంలో కీప్-వన్ అనే మరొక ప్రోటీన్ దాన్ని పట్టి ఉంచి, ఎప్పటికప్పుడు తగ్గిస్తుంటుంది. ఆక్సీకరణ పెరిగినప్పుడు ఆ పట్టు సడలుతుంది. అప్పుడు సీఎన్‌సీ-సీ కణకేంద్రంలోకి పోయి, రక్షణ ఎంజైముల జన్యువులను పనిచేయిస్తుంది. సైకియోటిస్, బోమన్ అనే పరిశోధకులు 2008లో ఈగలో దీన్ని చూపించారు. మనిషిలో ఇదే పని చేసే ప్రోటీన్‌ను ఎన్ఆర్ఎఫ్-టూ అంటారు. మనిషికీ ఈగకూ తేడాలు కూడా ఉన్నాయి. మనిషిలో గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థాన్ని తిరిగి పనికొచ్చేలా చేసే రిడక్టేజ్ ఎంజైము ఈగలో లేదు. థయోరెడాక్సిన్ అనే మరో ఏర్పాటు ఆ పని చేస్తుంది. కనుక ఈగలో కనబడినదంతా మనిషికి ఉన్నదున్నట్టు వర్తిస్తుందని అనుకోకూడదు.

ఇక సాస్తి విషయం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో తీవ్రంగా కలుషితమైనవిగా గుర్తించిన పారిశ్రామిక ప్రాంతాల్లో చంద్రపూర్ ఒకటి. గని దుమ్ము, డంపర్ల పొగ, థర్మల్ కేంద్రాల బూడిద, వంటపొయ్యి పొగ ఒకే ఊపిరితిత్తిలోకి చేరుతుంటాయి. కొన్ని బొగ్గుల్లో ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. అది తడి తగిలినప్పుడు పెరాక్సైడ్‌ను, హైడ్రాక్సిల్‌ను పుట్టించగలదు. అంటే కణం తనంతట తాను పుట్టించుకునే దానికి తోడు బయటి నుంచి మరికొంత వచ్చి చేరుతుంది. ఎంజైముల మీద బరువు పెరుగుతుంది. అందుకే గనిలో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం, మూతికి సరిగా అమరే మాస్క్ పెట్టుకోవడం, ఇంట్లో పొగ లేని పొయ్యి వాడడం, బీడీ మానడం కేవలం శుభ్రతకు సంబంధించిన సలహాలు కావు. తొలగింపు వెనకబడకుండా ఉండడానికి, పుట్టేదాన్నే తగ్గించే పనులు అవి.

బీడీ మానకుండా, ఆక్సీకరణను అడ్డుకుంటుందనే యాంటీఆక్సిడెంట్ మాత్ర మింగితే సరిపోతుందా? సరిపోదు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవారి మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. జర్మనీలో మైకేల్ రిస్టో బృందం 2009లో ప్రకటించిన ఫలితం కూడా ఆలోచించదగ్గది. నాలుగు వారాలు వ్యాయామం చేసిన యువకుల్లో డిస్మ్యుటేజ్ వంటి ఎంజైముల ఉత్పత్తి పెరిగింది. అదే వ్యాయామంతో పాటు సి, ఇ విటమిన్ మాత్రలు పెద్ద మోతాదులో తీసుకున్నవారిలో ఆ పెరుగుదల ఆగిపోయింది. కొద్దిపాటి ఆక్సీకరణ కనబడితేనే కణం తన ఎంజైములను పెంచుకుంటుంది. మాత్ర ఆ కొద్దిపాటి దాన్నీ తుడిచేస్తే పెంచవలసిన అవసరం కణానికి తెలియదు. లోపం ఉందని డాక్టరు చెప్పి రాసిన మందు సంగతి వేరు. దుకాణంలో కొని తామంతట తాము వేసుకునే మాత్ర సంగతి వేరు.

ఎంజైములకు కావలసినది రోజూ తినే తిండిలోనే ఉంది. రాగి, జింకు, మాంగనీస్, ఇనుము లేకుండా అవి పనిచేయలేవని ముందే చెప్పుకున్నాం. జొన్న రొట్టె, కందిపప్పు, శనగలు, నువ్వులు, వేరుశనగ, ఆకుకూరలు ఈ ఖనిజాలను ఇస్తాయి. మాంసం, గుడ్డు తినేవారికి జింకు, ఇనుము ఇంకా సులువుగా అందుతాయి. పప్పులోనో ఆకుకూరలోనో నిమ్మరసం పిండుకుంటే వాటిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పుట్టుకతోనే జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము తక్కువగా ఉండే వారు కొందరుంటారు. ఎర్ర రక్తకణాలకు ఆక్సీకరణను తట్టుకునే శక్తిని సమకూర్చేది ఆ ఎంజైమే. అది తక్కువగా ఉన్నవారు మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ వాడితే రక్తకణాలు చితికిపోవచ్చు. అడవి అంచున మలేరియా వచ్చే ఊళ్లవారు ఆ మందు వాడేముందు ఈ సంగతి డాక్టరును అడగడం అవసరం.

చివరగా గడ్డిమందు గురించి ఒక విన్నపం. ఈగను చంపే పారాక్వాట్ మనిషి ఊపిరితిత్తుల్లోనూ అదే విధంగా సూపరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. అక్కడ అది రక్తంలో కంటే ఎక్కువగా పోగుపడుతుంది. దానికి విరుగుడు మందు లేదు. ఆ విషం ఆక్సిజన్‌తోనే పనిచేస్తుంది కాబట్టి, మరీ అవసరమైతే తప్ప రోగికి ఆక్సిజన్ పెట్టడానికి కూడా డాక్టర్లు వెనకాడతారు. దాన్ని తాగునీళ్ల సీసాలోగానీ, కూల్‌డ్రింక్ సీసాలోగానీ పోసి ఇంట్లో ఉంచవద్దు. చల్లేటప్పుడు చేతులకు తొడుగులు, ఒంటికి నిండు బట్టలు వేసుకోవాలి. మీద పడితే వెంటనే బట్టలు తీసి సబ్బుతో కడగాలి. ఎవరి నోట్లోకైనా పోతే, మొదటిరోజు మనిషి బాగానే కనబడినా సరే ఆగకూడదు. మందు సీసాను వెంట పట్టుకుని, గంట కూడా ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి చేర్చాలి.